తెల్ల అంగీ, ఉప్పు గాలి

(విశాఖపట్నంలో వెస్ట్రీ పని చూసేవారికి, స్త్రీల మైత్రి సభ్యులకు, కొత్తగా అభిషేకం పొందిన తొలి మెట్టు పాదిరులైన డీకన్లకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అయ్యగార్లకు, అమ్మగార్లకు, స్త్రీల మైత్రి అక్కచెల్లెళ్లకు, వెస్ట్రీ పని చూసే తమ్ముళ్లకు ప్రభువు నామంలో వందనాలు.

ఆదివారం ఆరాధనకి గంట కొట్టే ముందు వెస్ట్రీలో, అంటే అయ్యగారు ఆరాధన బట్టలు వేసుకునే గదిలో, ఏం జరుగుతుందో మీకు తెలుసు. మెడలో వేసుకునే పొడుగాటి రంగు పట్టీ, స్టోల్, కనపడదు. కనపడినా, పచ్చది కావాల్సిన రోజు ఊదాది చేతికొస్తుంది. అంగీకి మెడ దగ్గర గుండీ ఊడి ఉంటుంది. అయ్యగారు మౌనంగా ప్రార్థన చేసుకోవాల్సిన ఐదు నిమిషాలు పిన్నీసు వెతకడంలో పోతాయి. ఈ రోజు నేను మాట్లాడేది ఆ ఐదు నిమిషాల గురించే. అంగీ అయ్యగారి సోకు కాదు. లోపలి మనిషి ఎవరైనా, పొట్టైనా పొడుగైనా, ఉన్నవాడైనా లేనివాడైనా, ఆ మనిషి కనపడకుండా పని మాత్రమే కనపడాలని సంఘం తొడిగే బట్ట అది. అందుకే దాన్ని కుట్టించడం, ఉతకడం, మడిచి దాచడం సంఘమంతటి పని అంటాను.

"ఇదంతా ఎందుకండీ, తెల్ల చొక్కా చాలదా?" అని మన బెంచీల్లోనే అడిగేవారున్నారు. వాళ్లని తప్పు పట్టకండి. విశాఖలో తెలుగువారి మధ్య 1805లో పని మొదలుపెట్టిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ లండన్ మిషన్‌వాళ్లు. ఆ సంప్రదాయానికి అంగీల పట్టింపు పెద్దగా లేదు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వాళ్ల వారసులూ, ఇంగ్లండ్ సంఘపు అంగీల అలవాటున్న ఆంగ్లికన్లూ, మెథడిస్టులూ ఒకే గొడుగు కిందికి వచ్చారు. రెండు అలవాట్లూ మనలో ఉన్నాయి.

ఇంగ్లండ్‌లో ఈ తగవు ఇంకా పాతది. గ్లాస్టర్‌కి బిషప్‌గా ఎంపికైన జాన్ హూపర్ ఆ పదవికి చెందిన అంగీలు వేసుకోనని పట్టుబట్టి 1551లో ఫ్లీట్ జైలుకి వెళ్లారు. చివరికి ఒప్పుకున్నాకే అభిషేకం జరిగింది. 1877లో ఆర్థర్ టూత్ అనే లండన్ పాదిరి సంగతి దీనికి తలకిందులు. ఆరాధనలో వాడకూడని అంగీలు, ధూపం వాడారని 1874 చట్టం కింద కేసు పెడితే, ఆ కోర్టు మాట వినక ఆయనా జైలుకి వెళ్లారు. గుడ్డ చిన్న విషయమే అయితే మనుషులు ఇంత దూరం వెళ్లరు.

ఆ చలి దేశంలో పద్ధతి ఏమిటంటే, లోపల మడమల దాకా నల్ల ఉన్ని అంగీ, దాని మీద తెల్లటి వదులు సర్‌ప్లిస్. ఉదయ, సాయంకాల ప్రార్థనలకి నల్ల స్కార్ఫ్, బాప్తిస్మం, ప్రభు రాత్రి భోజనం వంటి సంస్కారాలకి రంగు స్టోల్. మనం రెండు పొరల్నీ కలిపి ఒకే తెల్ల అంగీ చేసుకున్నాం, మీద స్టోల్. మే నెలలో, గాలి ఆడని గుడిలో రెండు గంటలు నిలబడే మనిషికి ఇది సరైన నిర్ణయమని నా గట్టి అభిప్రాయం. కన్యమరి కొండ మీది క్యాథలిక్ ఫాదర్లు కూడా తెల్ల అంగీ వేస్తారు కాబట్టి ఊళ్లో జనం మన అయ్యగారిని "ఫాదర్ గారూ" అని పిలుస్తారు. కేజీహెచ్ ఆసుపత్రి వార్డులో ఎవరైనా అలా పిలిస్తే సరిదిద్దే పని పెట్టుకోకండి, మంచం దగ్గరికి వెళ్లండి.

ఇక కుట్టించడం. ఐదున్నర అడుగుల మనిషికి 44 అంగుళాల పన్నా గుడ్డ ఐదు మీటర్లు తీసుకోండి. నూలు గుడ్డే తీసుకోండి. టెరికాట్ నలగదు నిజమే, కానీ చెమట పీల్చదు. చంకల్లో పట్టిన వాసన దాంట్లోంచి పోదు, ఏడాది తిరక్కుండా పసుపు రంగుకి వస్తుంది. పొందూరు ఖద్దరు దొరికితే అంతకన్నా కావలసింది లేదు. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి వడికిన నూలు అది, మన శ్రీకాకుళం జిల్లా చేతిపని. అయితే ఖద్దరు కుదించుకుపోతుంది. కత్తెర పెట్టకముందే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరబెట్టి, ఇస్త్రీ చేసి టైలర్‌కి ఇవ్వండి. ఈ ఒక్క పని మరిచినందుకు మొదటి ఉతుకుతోనే పిక్కల పైకి పోయిన అంగీలు చాలా ఉన్నాయి.

కొలత బూట్లు వేసుకుని ఇవ్వాలి. అంచు నేలకి రెండంగుళాల పైన ఉండాలి. చూడ్డానికి నేల తాకితేనే బాగుంటుంది, కానీ పాత్ర రెండు చేతులా పట్టుకుని బలిపీఠం మెట్లెక్కేటప్పుడు అంచు ఎత్తుకోవడానికి మూడో చెయ్యి లేదు. ట్రయల్‌కి వెళ్లినప్పుడు టైలర్ షాపు మెట్టే రెండు చేతుల్లో ఏదైనా పట్టుకుని ఎక్కి చూడండి. కాలు అంచు మీద పడితే ఇంకో అంగుళం మడవమనండి. రెండు పక్కలా ప్యాంటు జేబులోకి చెయ్యి వెళ్లేంత చీలిక ఉంచాలి. మైకు పెట్టె పెట్టుకోవడానికి, తాళాలు తీసుకోవడానికి అదే దారి.

గుండీల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ముందు వరుసలో 39 గుండీలు పెట్టించి, ఆంగ్లికన్ విశ్వాస సూత్రాలు 39 కదా అని చెప్పేవారున్నారు. పెట్టించుకుంటే పెట్టించుకోండి, కానీ గుడ్డ చుట్టిన గుండీలు మాత్రం వద్దు. వాటి లోపల ఉండేది ఇనుప రేకు. బీచ్ రోడ్డు గాలి తగిలే ఊళ్లో ఆరు నెలల్లో ఒక్కో గుండీ చుట్టూ ఎర్ర మచ్చ వేస్తుంది. లోహపు జిప్పులూ, టిచ్ బటన్లూ అంతే. ప్లాస్టిక్ గుండీ, చేతి కాజా, అంతకు మించిన ఏర్పాటు ఈ సముద్రం పక్కన లేదు.

మహిళా ప్రెస్బిటర్లకి, అంటే పాదిరులైన స్త్రీలకి, కుట్టేటప్పుడు టైలర్లు మగవాళ్ల నమూనానే చిన్నది చేసి ఇస్తున్నారు, ఇది మారాలి. 2013లో ఇ. పుష్పలలిత గారు నంద్యాలకి బిషప్ అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆవిడే. ఇన్నేళ్ల తర్వాత కూడా కొలతల దగ్గర మనం వెనకబడి ఉండటం బాగాలేదు. చీర మీద వేసుకునే అంగీకి కుచ్చిళ్ల కోసం తుంటి దగ్గర మామూలుకన్నా ఆరేడు అంగుళాలు వదులు కావాలి, భుజం మీద పమిట మందం కూడా లెక్క వేయాలి.

స్టోల్ వెడల్పు నాలుగంగుళాలు, మొత్తం పొడవు రెండున్నర మీటర్లు ఉంటే సగటు మనిషికి మోకాళ్ల కిందికి వస్తుంది. డీకన్‌కి ఎడమ భుజం మీదుగా వచ్చి కుడి నడుము దగ్గర కలుస్తుంది. ప్రెస్బిటర్‌కి మెడ వెనక నుంచి రెండు వైపులా సమానంగా దిగుతుంది. ఆగమన కాలానికీ శ్రమకాలానికీ ఊదా, క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తెలుపు, పెంతెకొస్తుకీ హతసాక్షుల దినాలకీ ఎరుపు, మిగతా కాలానికి పచ్చ. ఇక్కడ ఒక లెక్క చూడండి. దాతలు ఎప్పుడూ జరీ పెట్టిన తెల్ల స్టోలే ఇస్తారు. ఏడాదిలో సగానికి పైగా ఆదివారాలు మాత్రం పచ్చవే. అందుకే చాలా వెస్ట్రీల్లో తెల్లవి నాలుగుంటాయి, పచ్చది ఒక్కటే, అదీ మెడ దగ్గర నల్లబడి ఉంటుంది. కానుక ఇస్తామని వచ్చినవారిని మొహమాటపడకుండా పచ్చది అడగండి.

ఆ మెడ నలుపుకి మందు ఉంది. అడుగు పొడవు, రెండంగుళాల వెడల్పు తెల్ల నూలు పట్టీని స్టోల్ మెడ లోపలివైపు పెద్ద కుట్లతో తాత్కాలికంగా కుట్టండి. చెమట దానికే పడుతుంది. నెలకోసారి విప్పి, ఉతికి మళ్లీ కుట్టుకోవచ్చు. జరీ స్టోల్‌ని నీళ్లలో పెట్టే అవసరమే రాదు. కింది అంచుల్లో మడత లోపల చిన్న బరువు కుట్టిస్తే ఫ్యాను గాలికి ఎగిరి కొవ్వొత్తి మీద పడదు. కాలర్ మైకు ఎప్పుడూ స్టోల్‌కి తగిలించకండి, అది కదిలినప్పుడల్లా గుడ్డ రాసుకుని బరబర వినిపిస్తుంది. గడ్డానికి జానెడు కింద, అంగీ ముందు పట్టీకే తగిలించాలి.

మెడకి పెట్టే తెల్ల కాలర్ రోమ్ నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్ పాదిరి డొనాల్డ్ మెక్లియడ్ దాన్ని మొదలుపెట్టారని చెబుతారు. కాలర్ మెడ కొలతకన్నా అరంగుళం వదులు ఉండాలి, లేకపోతే మెడ నిండా చెమటకాయలే. రోజూ రాత్రి గోరువెచ్చని సబ్బు నీళ్లలో పాత బ్రష్షుతో రుద్దండి. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద వదిలితే వంకర తిరుగుతుంది. అర్ధరాత్రి మరణవార్త వచ్చి కాలర్ కనపడకపోతే తెల్ల ఐస్‌క్రీమ్ డబ్బా మూత నుంచి పట్టీ కత్తిరించినా పని నడుస్తుంది. ఆసుపత్రికి, స్మశానానికి, పోలీస్ స్టేషన్‌కి కాలర్‌తోనే వెళ్లండి. కష్టంలో ఉన్న కుటుంబం దూరం నుంచే గుర్తుపట్టాలి. ఎన్నికల సభకి మాత్రం ఆ కాలర్‌తో వెళ్లకండి.

ఇప్పుడు మరకలు. పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే.

పెళ్లి రిజిస్టర్లో సంతకాలు పెట్టేటప్పుడు కుడి చేతి మణికట్టు అంచు తడి సిరా మీద పడుతుంది. ఇంటికి తెచ్చి బ్లీచింగ్ వేస్తారు. నీలం పోతుంది, దాని చోట గోధుమరంగు మచ్చ మిగిలి, మరి పోదు. కారణం ఉంది: పాత తరహా బ్లూబ్లాక్ సిరాలో ఇనుము ఉంటుంది, బ్లీచింగ్ రంగుని తీసేసి తుప్పుని వదిలేస్తుంది. తుప్పు మరక దేనికైనా నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో ఉంచి, తడి ఆరకుండా గంట తర్వాత కడగాలి. అసలు సంతకానికి ముందే చేతి అంచు రెండు మడతలు పైకి మడిస్తే ఈ బాధే లేదు.

ద్రాక్షరసం ఒలికితే వెంటనే చన్నీళ్లు పోయండి. ముందే సబ్బు రుద్దితే ఆ క్షారానికి ఎరుపు కాస్తా నీలం తిరిగి పట్టుకుంటుంది. మైనం పడితే గట్టిపడనిచ్చి, చెంచా అంచుతో గీకి, కిందా మీదా బ్లాటింగ్ పేపర్ పెట్టి తక్కువ వేడి ఇస్త్రీ. రంగు కొవ్వొత్తి అయితే ఇస్త్రీకి ముందే వీలైనంత గీకేయాలి, వేడి తగిలితే రంగు దారంలోకి దిగుతుంది. చంకల పసుపుకి బ్లీచింగ్ పనికిరాదు, దాంతో ఇంకా ముదురుతుంది. అంగీ విప్పిన రోజే నీళ్లలో వేయడమే మార్గం. ఆదివారం విప్పి కుర్చీ మీద వేసి బుధవారం ఉతికితే ఎవరూ ఏమీ చేయలేరు. ఒక్కొక్కరికి కనీసం మూడు అంగీలు ఉండాలని నేను పాస్టరేట్ కమిటీలను కోరేది అందుకే.

దాచేటప్పుడు ఇనుప హ్యాంగర్లు వద్దు. కలరా ఉండలు గుడ్డకి తగలకుండా మూటలో కట్టండి, ఎండిన వేపాకు అయితే ఇంకా మేలు. తెల్లవి ఎండలో, రంగువి నీడలో ఆరాలి. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వచ్చి వెళ్లాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, తడిసిన బీరువాల్లో బట్టలకి బూజు పట్టింది. ఒక అంగీ, ఒక స్టోల్, ఒక జత సంస్కారపు గుడ్డలు గుడిలో కాకుండా వేరే ఇంట్లో ఉంచండి. అయ్యగారికి బదిలీ వచ్చినప్పుడు మనస్పర్థలు రాకుండా స్టోళ్లు, గుడ్డలు ఎవరివో ఆస్తుల రిజిస్టర్లో ముందే రాసుకోండి.

చివరిగా సంస్కారపు బల్ల గుడ్డలు. పాత్ర తుడిచే ప్యూరిఫికేటర్‌కి గంజి పెట్టకూడదు, పెడితే తడి పీల్చదు. దాన్ని మొదట మామూలు నీళ్లలో జాడించి, ఆ నీళ్లు తూములో కాకుండా చెట్టు మొదట్లో పోయాలి. ఆ తర్వాతే సబ్బు. రొట్టె, పాత్రల కింద బల్ల మీద పరిచే కార్పొరల్ ఇరవై అంగుళాల చదరం, పలచని గంజి పెట్టవచ్చు. దాని మడత మాత్రం నోటితో చెబితే రాదు. కింది మూడోవంతు పైకి, పై మూడోవంతు దాని మీదికి, తర్వాత కుడి, ఎడమ అలాగే లోపలికి. తొమ్మిది గడులు వస్తాయి, రొట్టె నలుసులు పడితే లోపలే ఉంటాయి. ఆరు కార్పొరళ్లు ఈ బల్ల మీద పెట్టాను. చేతులు కడుక్కుని ముందు వరుసవాళ్లు రండి, ఒక్కొక్కరు ఒకటి మడుద్దాం.