కాలు లాగుతుంటే పాదం బలం చూడండి

శ్రోతలకు నమస్కారం. నడుములో నరం నొక్కుకుపోయి కాల్లోకి దిగే నొప్పి గురించి ఈ పూట మాట్లాడుకుందాం. సయాటికా అనేది దీన్నే. డిస్కు అప్పటికే అరిగి ఉన్నవాళ్ళకి బెంగళూరులో ఇది రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్కులో గంటసేపు బండి మీద కూర్చుని, ఇంటికి రాగానే 20 లీటర్ల నీళ్ళ క్యాను వంగి ఎత్తి, నడుము తిప్పి డిస్పెన్సర్ మీద బోర్లిస్తే చాలు.

నడుములో ఐదు పూసలుంటాయి. పూసకీ పూసకీ మధ్య ఉండే డిస్కుకి చుట్టూ గట్టి పీచు పొర, లోపల మెత్తటి గుజ్జు. పొర చిట్లితే గుజ్జు వెనక్కి పొడుచుకొచ్చి నరం మొదలుకి తగులుతుంది. నరం నలగడమే కాదు, ఆ గుజ్జులోని రసాయనాలకి వాచిపోతుంది కూడా. అందుకే చిన్న ఉబ్బుకే ఒకరు అల్లాడిపోతారు, అంతకంటే పెద్దది ఉన్నా ఇంకొకరికి ఏమీ తెలియదు. కాలినొప్పికి డిస్కు కారణం కావచ్చని మిక్స్టర్, బార్ అనే అమెరికా సర్జన్లు 1934లో రాశాక గానీ వైద్యులకి ఈ సంగతి గట్టిగా పట్టలేదు.

నొప్పి నడిచే దారి చూస్తే ఏ నరమో చాలావరకు తెలుస్తుంది. పిరుదు నుంచి పిక్క బయటివైపుగా దిగి, పాదం పైభాగానికి, బొటనవేలికి పోతే ఐదో నడుము నరం. పిక్క వెనకనుంచి మడమకి, చిటికెన వేలి వైపు పోతే దాని కింది నరం. తొడ ముందువైపు లాగి, మెట్లు దిగేటప్పుడు మోకాలు ముడుచుకుపోతుంటే నాలుగోది. దగ్గినా తుమ్మినా కాల్లోకి జివ్వుమంటే డిస్కు మీద అనుమానం బలపడుతుంది.

అందరూ నొప్పి ఎంతుందో చూసుకుంటారు. డాక్టర్లం మేం అడిగేది బలం ఎంతుందని. గోడ పక్కన నిలబడి, మడమల మీద పది అడుగులు వేయండి. ఒక పాదం ముందుభాగం లేవకపోతే ఐదో నరం దెబ్బతింటోంది. తర్వాత గోడకి చెయ్యి ఆనించి, ఒంటికాలి మీద పదిసార్లు మునివేళ్ళ మీద లేవండి. రెండోవైపుతో పోలిస్తే ఒకటి ముందే చతికిలబడితే కింది నరం. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకపోవడం, బొటనవేలు నేలకి తట్టుకోవడం కూడా ఇదే కోవలోవి. ఇందులో ఒక మోసం ఉంది: నరం బాగా నలిగితే నొప్పి తగ్గుతుంది, కాలు మొద్దుబారుతుంది. నయమైపోయిందనుకుని ఇంట్లో ఊరుకుంటారు. నొప్పి తగ్గుతూ బలం కూడా తగ్గుతుంటే ఆ వారమే స్పెషలిస్టుకి చూపించాలి. పాదం అసలు లేవకపోతే అదే రోజు వెళ్ళాలి. దీనికి సరిగ్గా ఎదురుగా, పాదంలోని నొప్పి పిక్కకి, పిక్కలోంచి పిరుదుకి వెనక్కి తగ్గుతూ నడుములో కాస్త పెరిగినా కంగారు అక్కర్లేదు. అది మంచి గుర్తే.

బలం బాగుంటే చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుతుంది. మొదటి రెండు రోజులు దాటి మంచం మీదే ఉండకండి. రోజుకి నాలుగైదుసార్లు పది నిమిషాలు నడవండి. కుర్చీలో అరగంటకోసారి లేవండి. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు, వెల్లకిలా పడుకుంటే మోకాళ్ళ కింద దిండు పెట్టుకోండి. ముందుకి వంగి బరువెత్తకండి. నీళ్ళ క్యాను ఇంకెవరైనా పెడతారు. బెల్టు కొన్నాళ్ళు ఊరటనిస్తుందేమో గానీ డిస్కుని వెనక్కి తోయదు. నడుము తొక్కించుకోవడం, విరిపించుకోవడం మాత్రం వద్దు. షుగరు, బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్ళు మెడికల్ షాపులో డైక్లోఫినాక్ లాంటివి అడిగి మింగకూడదు. అలాంటి మాత్రలు రెండు రకాలు కలిపి ఎవరూ వేసుకోకూడదు.

ఎమ్మారై స్కాన్ మొదటి వారంలోనే తీయించాలన్న తొందర మన నగరంలో ఎక్కువ. నొప్పి లేనివాళ్ళకి తీసినా ఉబ్బులు కనిపిస్తూనే ఉంటాయి. బలం తగ్గినప్పుడు, ఆరు వారాలైనా కాలినొప్పి నిలవనివ్వనప్పుడు, ఆపరేషనో ఇంజెక్షనో ఆలోచిస్తున్నప్పుడు దాని అవసరం. ఆపరేషన్ చేయించుకుంటే కాలినొప్పి త్వరగా పోతుంది. ఏడాది తర్వాత చూస్తే, చేయించుకోకుండా ఓపిక పట్టినవాళ్ళలోనూ ఎక్కువమంది దాదాపు అదే స్థితికి వస్తారు. ఓర్చుకోగలరా లేదా అన్నది రోగి తేల్చుకోవాల్సిన మాట.

అరవై దాటినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళలో చాలామందికి వెన్నుపూసల్లో నరాల దారే ఇరుకవుతుంది. లాల్‌బాగ్‌లో కొంతదూరం నడవగానే రెండు కాళ్ళూ బరువెక్కుతాయి, బెంచీ మీద కూర్చుని ముందుకి వంగితే తేలికపడతాయి. గుట్ట ఎక్కడం కంటే దిగడమే కష్టం, ఎందుకంటే దిగేటప్పుడు నడుము వెనక్కి వాలి దారి ఇంకా ఇరుకవుతుంది. ఇదే బరువు కాళ్ళ రక్తనాళాల జబ్బు వల్లయితే కూర్చోనక్కర్లేదు, నిలబడినా తగ్గుతుంది. ఇరుకు దారి వాళ్ళకి ఉన్నచోటే తొక్కే వ్యాయామ సైకిలు నడక కంటే బాగా పడుతుంది.

చివరగా, అసలు ఆగకూడనిది ఒకటుంది. మూత్రం నిండినా వచ్చినట్టు తెలియకపోవడం, పోయలేకపోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపల స్పర్శ పోవడం, రెండు కాళ్ళూ ఒకేసారి నీరసించడం. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా రాత్రయినా సరే ఎమ్మారై, న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రి క్యాజువాలిటీకి వెళ్ళండి. 108కి ఫోన్ చేయవచ్చు. గంటలు గడిచేకొద్దీ మూత్రం మీద అదుపు మళ్ళీ వచ్చే అవకాశం తగ్గిపోతుంది. కౌంటర్ దగ్గర నడుము నొప్పి అని మొదలుపెడితే వరసలో కూర్చోబెడతారు. సిగ్గుపడకుండా మూత్రం సంగతి, స్పర్శ పోయిన సంగతి ముందు చెప్పండి. ఆఖరుసారి మూత్రం ఎప్పుడు పోశారో ఆ టైము కూడా చెప్పండి.