ఉప్పుగాలిలో ఇల్లు: యుద్ధం తర్వాతి బ్రైటన్

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండు దక్షిణ తీరంలో బ్రైటన్ అనే ఊరుంది. లండన్ జనం వేసవిలో సముద్రపు గాలికి వెళ్లే చోటు. 1940లో జర్మన్ సేన దిగుతుందన్న భయంతో అక్కడి బీచ్‌లో మందుపాతరలు పెట్టారు, సముద్రంలోకి వంతెనల్లా కట్టిన రెండు పియర్లనూ మధ్యలో తెగ్గొట్టారు. ఊరి మీద బాంబులూ పడ్డాయి. కూలిన ఇళ్ల సంగతి అందరికీ కనిపిస్తుంది. నిలబడే ఉండి లోలోపల చెడిన ఇళ్ల సంగతి ఈ పూట చూద్దాం.

బాంబు పక్క వీధిలో పడినా పెంకులు జారతాయి, అద్దాలు పగులుతాయి, చెక్క బద్దల మీద పూసిన సున్నపు సీలింగు ఊడి పడుతుంది. తాపీ పనివాళ్లు సైన్యంలో ఉన్నారు, కలపకు రేషన్. టార్పాలిన్ కప్పి వదిలేసిన కప్పు కింద వాననీరు ఏళ్ల తరబడి గోడలోకి దిగింది.

ఏ గోడకైనా అది నష్టమే కానీ బ్రైటన్ గోడకు ప్రాణాంతకం. అక్కడి పాత ఇళ్ల గోడలను బంగరూష్ అంటారు. అచ్చుగా నిలిపిన చెక్కల మధ్య చెకుముకిరాళ్లు, ఇటుక ముక్కలు, గులకరాళ్లు వేసి సున్నంతో నింపేవారు. బయట నున్నటి గచ్చు చేసి రంగేస్తే రాజభవనంలా ఉంటుంది. గొట్టంతో గట్టిగా నీళ్లు కొడితే ఊరు సగం కూలుతుందని అక్కడివాళ్ల హాస్యం.

మరమ్మతులో మొదటి తప్పు సిమెంటు. సిమెంటు పూత బిరుసు, గోడ మెత్తన. గోడ కాస్త కదిలితే పూతలో వెంట్రుకంత చీలిక వస్తుంది. అందులోంచి వాన లోపలికి పోతుంది, ఆవిరై బయటికొచ్చే దారి ఉండదు. నీరు సున్నాన్ని కరిగించుకుపోతే రాళ్లు పట్టు వదులుతాయి, గోడకు పొట్ట వస్తుంది.

సరైన పద్ధతి ఇది. ముందు కప్పు, చూరు కాలువలు బాగుచేయాలి. నీరు ఆపకుండా గోడ ముట్టుకోవడం దండగ. తర్వాత వదులైన భాగాన్ని ఒక్కోసారి మీటరు వెడల్పుకు మించకుండా తవ్వాలి, పైభారానికి ఊతకర్రలు పెట్టాలి. దుమ్ము కడిగి, తడి ఆరకముందే నీటిలో గట్టిపడే రకం సున్నం ఒక పాలు, ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు కలిపి, రాళ్లు దట్టంగా కూర్చాలి. బీచ్ ఇసుక పనికిరాదు, అందులోని ఉప్పు గోడను ఎప్పటికీ ఆరనివ్వదు. పూత ఒక్కో పొర 10 నుంచి 12 మిల్లీమీటర్లు. తడి గోనె కప్పి ఉంచాలి. చలి 5 డిగ్రీలకు తగ్గితే పని ఆపాలి.

ఇక డబ్బు. 1941 చట్టం కింద ఏర్పడ్డ యుద్ధ నష్ట కమిషన్, బాగుచేయదగ్గ ఇంటికి మరమ్మతు ఖర్చు ఇచ్చేది; పూర్తిగా పోయిన ఇంటికి 1939 మార్చి నాటి ధరలను బట్టి విలువ కట్టేది. కానీ చెల్లింపు బాంబు చేసిన నష్టానికే. పట్టించుకోక కుళ్లిన చూరుకు పైసా రాదు. ఏది బాంబు, ఏది వాన అని తేల్చడం ఎంత తలనొప్పో ఊహించుకోండి.

మరోవైపు, వేసవి అద్దెల ఆశతో ఇళ్లు ఖాళీగా ఉంచిన యజమానులున్నారు. 1945లో హ్యారీ కౌలీ అనే పొగగొట్టాలు శుభ్రం చేసే మనిషి, సైన్యం నుంచి వచ్చినవాళ్లను కూడగట్టి, గూడులేని కుటుంబాలను ఆ ఇళ్లలో చేర్చాడు. ఆ జులైలోనే ఖాళీ ఇళ్లను స్వాధీనం చేసుకునే అధికారాన్ని ప్రభుత్వం మునిసిపల్ కౌన్సిళ్లకు ఇచ్చింది. ఒత్తిడి లేకుండా అంత త్వరగా కదిలేదని నేననుకోను.

కొత్త ఇళ్ల బాధ్యత ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్‌ది. 1946 చట్టం ప్రకారం, మునిసిపల్ కౌన్సిల్ అద్దెకివ్వడానికి కట్టే ఒక్కో ఇంటికి ఏటా 22 పౌండ్ల సాయం, 60 ఏళ్లపాటు. అందులో మూడొంతులు ఖజానాది, ఒక వంతు స్థానిక పన్నులది. మూడు పడకగదుల ఇల్లు 900 చదరపు అడుగులకు తగ్గకూడదన్నాడు. బ్రైటన్‌లో కోల్డీన్, బెవెన్‌డీన్ లాంటి కాలనీలు ఊరి వెనక సుద్దకొండల మీదికి పాకాయి. కలప కరువు వల్ల కింది అంతస్తుకు చెక్కకు బదులు కాంక్రీటు నేల వేయడం మామూలైంది.

తొందరలో దేశమంతటా ఫ్యాక్టరీలో పోతపోసిన కాంక్రీటు ఇళ్లు కూడా కట్టారు. వాటి లోపం 1980లలో బయటపడింది. సన్నటి స్తంభాలు, ఇనుము మీద పలచటి కాంక్రీటు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి దిగి కాంక్రీటు క్షారగుణాన్ని చంపేస్తుంది. ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, కాంక్రీటును చీలుస్తుంది. ఉప్పుగాలి దీన్ని తొందరపెడుతుంది. విశాఖలో, కాకినాడలో బాల్కనీ సన్‌షేడ్ల కింద పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయంటే అదే రోగం. కౌన్సిల్ దగ్గర అలాంటి ఇళ్లు కొనుక్కున్నవాళ్లకు 1984 చట్టం మరమ్మతు గ్రాంటు ఇచ్చింది.

పరీక్ష తేలికే. అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు ముఖం మీద క్షారం తగిలితే రంగు మారే ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే, మంచి భాగం గులాబీ రంగు తిరుగుతుంది. రంగు మారని పొర చువ్వదాకా వెళ్లిందంటే పైపై పూత పనిచేయదు. చెడిన కాంక్రీటును చువ్వ వెనకదాకా చెక్కి, తుప్పు గీకి, చువ్వ ఎంత సన్నబడిందో కొలవాలి. బాగా సన్నబడితే పక్కన కొత్తది కట్టి, ఆ తర్వాతే పోత పోయాలి.