ట్రాక్టర్ టైరు గుర్తు: విశాఖ బీచ్‌లో తాబేలు జాడ

[తెల్లవారుజాము. జోడుగుళ్లపాలెం ఇసుక. లైట్లు వేయకుండా తీసిన షాట్.]

ఈ చారలు చూడండి. రెండడుగులకు పైగా వెడల్పు. రాత్రి ఎవరో ట్రాక్టర్ తోలినట్టు లేదూ? ఇది ఆలివ్ రిడ్లే తాబేలు జాడ. పైకి వచ్చిన చార ఒకటి, అదే తాబేలు నీళ్లలోకి తిరిగెళ్లిన చార ఇంకొకటి. రెండూ కలిసే చోట ఇసుక చెదిరి, మళ్లీ అదిమినట్టు ఉంటుంది. గుడ్లు పూడ్చాక తాబేలు తన డొప్పతోనే ధబధబా కొట్టి చదును చేస్తుంది. నలభై కిలోల దాకా ఉంటుంది మరి!

ఒక్కోసారి జాడ ఉంటుంది గానీ గూడు ఉండదు. కుక్కలు వెంటపడినా, మొహాన లైటు పడినా గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది. మన సెల్ఫీ ఫ్లాష్ కూడా లైటే.

మన తీరానికి ఇవి ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు వస్తాయి. అటవీ శాఖ హేచరీలు, అంటే గుడ్లను కాపాడి పిల్లలయ్యేదాకా చూసే చోట్లు పెట్టి, కాపలాకు తీరంలోని మత్స్యకారులనే తీసుకుంటుంది. నన్నడిగితే ఈ పనిలో అసలు నిపుణులు వాళ్లే. చీకట్లో ఇసుక చూసి గూడెక్కడుందో చెప్పడం ఏ కోర్సులో నేర్పుతారు?

[క్లోజప్: ఇసుక గుంట, తెల్లటి గుడ్లు.]

పింగ్‌పాంగ్ బంతుల్లా ఉన్నాయి కదా? పెంకు మెత్తగా ఉంటుంది. ఒక్కో గూటిలో వంద దాకా. వీటిని కొన్ని గంటల్లోపే హేచరీకి చేర్చాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకి అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డు అటూ ఇటూ దొర్లితే పిల్ల దక్కదు. పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు. ఇసుక వేడి పెరిగితే ఆడపిల్లలు ఎక్కువ, తగ్గితే మగవి ఎక్కువ.

మరి వాకింగ్‌కి వచ్చే మన పనేంటి? గుడ్లు ముట్టుకోకపోవడం మొదటిది. వాటిని కదిలించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా. జాడ కనిపిస్తే ఫోటో తీసి, లొకేషన్‌తో అటవీ శాఖకు చెప్పండి. ఇన్‌స్టాలో లైవ్ మాత్రం పెట్టకండి బాబూ, గంటలో జాతర అయిపోతుంది.

చచ్చిన తాబేలు కనిపిస్తే చాలామంది ముక్కు మూసుకుని దాటిపోతారు. నేనూ చాన్నాళ్లు అదే చేశాను. కానీ అది కూడా లెక్కే. పక్కన మీ చెప్పు పెట్టి ఫోటో తీయండి, సైజు తెలుస్తుంది. తేదీ, టైము, చోటు రాయండి. ఆ వివరాల్లేకపోతే ఒకే తాబేలును నలుగురు ఫోటో తీస్తే నాలుగు చచ్చినట్టు లెక్కొస్తుంది. జనం తాము చూసిన జీవుల ఫోటోలు పెట్టే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే అది ఏ జీవో సరిచూసేవాళ్లు ఉంటారు. ప్రమాదంలో ఉన్న జీవుల కచ్చితమైన చోటును ఆ యాప్ బయటికి కనిపించనివ్వదు.

ఎందుకు చస్తున్నాయి? తాబేలు నీళ్లలో బతికినా గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే. బోటు వెనక లాక్కెళ్లే ట్రాల్ వలలో గంటల తరబడి చిక్కుకుంటే ఊపిరాడదు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టింది. తాబేళ్లు ఒడ్డుకొచ్చే జనవరిలో బోట్లన్నీ వేటలోనే ఉంటాయి. వలలో తాబేలు తప్పించుకునే కన్నం పెట్టే పరికరం ఉంది. అయితే దాంతోపాటు చేపలూ పోతాయని బోటువాళ్ల గోడు. డీజిల్ ఖర్చు గిట్టాలి కదా, వాళ్ల మాటా కొట్టిపారేయలేం.

[పాత వార్తా ఫోటో: తంతడి తీరం.]

మామూలు జనం ఫోటో తాబేళ్లకే కాదు, వేరే జీవులకూ పనికొస్తుంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గరి తంతడిలో వేల్ షార్క్ అనే పెద్ద సొరచేప ఒడ్డుకు చిక్కితే, దాన్ని మళ్లీ సముద్రంలోకి పంపింది మత్స్యకారులు, అటవీ సిబ్బంది, వాలంటీర్లు కలిసే. దాని ఒంటి మీద చుక్కలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ఎవరో మామూలు ఫోన్‌తో పక్క నుంచి తీసిన ఫోటో చాలు, అదే చేప మళ్లీ ఎక్కడైనా కనిపిస్తే గుర్తుపట్టొచ్చు.

[సాయంత్రం. హేచరీ ముందు చిన్న గుంపు.]

ఇవి ఈరోజు పిల్లలు. నీళ్లలో వేయరు, ఇసుక మీదే వదులుతారు. వెలుగున్న వైపుకి పోవడం వీటి అలవాటు. బీచ్ రోడ్డు లైట్లు సముద్రం కంటే మెరిస్తే ఇటే వచ్చేస్తాయి. అందుకే అందరూ వెనక్కి జరిగి ఫోన్లు ఆపేశారు. ఒకటి మాత్రం ఎవరి కాలిగుర్తులోనో పడి ఎక్కలేక తంటాలు పడుతోంది. ఆగండి... ఆ, ఎక్కేసింది.