ఆన్‌లైన్ కొనుగోలులో చిప్ చేసే పని, చేయలేని పని

అందరికీ నమస్కారం.

కార్డు మీది చిప్ దుకాణంలో మీ డబ్బుకు గట్టి కాపలా. అదే కార్డుతో ఫోన్‌లో ఏదైనా కొంటే మాత్రం ఆ చిప్‌ను ఎవరూ పలకరించరు. మనం కొట్టేది నంబరు, గడువు తేదీ, సీవీవీ. మూడూ కార్డు మీద అచ్చయినవే, ఫొటో తీసుకున్నవాడికి దొరికేవే.

చిప్ బలం దాని లోపలి రహస్య కీ, అంటే లెక్క కట్టడానికి వాడే రహస్య సంఖ్య. అది బయటికి రాదు. ప్రతి లావాదేవీకీ లోపలి కౌంటరు ఒకటి పెరుగుతుంది. ఆ కౌంటరునూ లావాదేవీ వివరాలనూ కలిపి చిప్ 8 బైట్ల క్రిప్టోగ్రామ్, అంటే ఆ ఒక్క లావాదేవీకే సరిపోయే రహస్య ముద్ర, తయారుచేస్తుంది. బ్యాంకు తన దగ్గరున్న కీతో అదే లెక్క కట్టి సరిచూసుకుంటుంది. అందుకే ఒకసారి వాడిన క్రిప్టోగ్రామ్ మళ్లీ చెల్లదు.

ఈ బలాన్ని ఇంటికి తెచ్చేందుకు మాస్టర్‌కార్డ్ క్యాప్ అనే పద్ధతి రూపొందించింది. బ్రిటన్‌లో బార్‌క్లేస్ బ్యాంకు 2007లో తన ఖాతాదారులకు కాలిక్యులేటర్ లాంటి రీడర్లు ఇచ్చింది. కార్డు దూర్చి పిన్ కొడితే, క్రిప్టోగ్రామ్‌లోంచి కొన్ని బిట్లు తీసి రీడర్ అంకెల కోడ్ చూపిస్తుంది. దాన్ని బ్యాంకు సైట్‌లో ఎక్కించాలి.

లోపం ఎక్కడంటే, పిన్ ఒక్కటే కొట్టి తెచ్చుకున్న కోడ్‌లో ఎంత మొత్తం, ఎవరికి అన్నది ఉండదు. నకిలీ సైట్ ఆ కోడ్ పట్టుకుని అప్పటికప్పుడే అసలు సైట్‌లో వాడేస్తుంది. మొత్తాన్ని, ఖాతా నంబరును రీడర్‌లోనే కొట్టించే విధానంలో కోడ్ ఆ చెల్లింపుకే కట్టుబడుతుంది. నా దృష్టిలో అసలు భద్రత అదే. ఇంకో చిక్కునూ కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2009లో ఎత్తిచూపారు: పిన్ సరైనదో కాదో రీడరే చెప్పేస్తుంది కాబట్టి, దారికాచి కార్డు లాక్కున్న దొంగ అక్కడికక్కడే బాధితుడు చెప్పిన పిన్‌ను పరీక్షించుకోవచ్చు.

మన దేశంలో రీడర్ల దారి పట్టలేదు. ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకు అదనపు ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. మనకది ఎక్కువగా ఓటీపీ రూపంలో వచ్చింది. ఓటీపీ సందేశంలో మొత్తం, వ్యాపారి పేరు ఉంటాయి. అంకెల కంటే ముందు వాటిని చదవండి.

2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కార్డు నంబరు దాచుకోకూడదు, దాని బదులు వాడే మారు నంబరు, అంటే టోకెన్ మాత్రమే ఉంచుకోవాలి. ఒక వ్యాపారి దగ్గరి టోకెన్ దొంగిలించినా ఇంకోచోట పనికిరాదు. చెల్లింపు చెల్లింపుకూ క్రిప్టోగ్రామ్ మారుతుంది కూడా, చిప్‌లో జరిగినట్టే.

ఇవాళే చేయదగ్గవి: బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ పరిమితి తగ్గించండి, అంతర్జాతీయ వాడకం అక్కర్లేకపోతే ఆపేయండి. మీ కార్డు టోకెన్లు ఏయే వ్యాపారుల దగ్గరున్నాయో చూపే జాబితా బ్యాంకు ఇవ్వాలి. అది తెరిచి, మీరు కొనడం మానేసినచోటల్లా టోకెన్ తీసేయండి.