ఏ కొత్తపాలెం?

శ్రోతలకు నమస్కారం.

కొన్నేళ్ల కిందట మారిషస్ నుంచి ఒక పెద్దాయన విశాఖలో మా ఇంటికొచ్చారు. కూర్చోగానే సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. లోపల ఒక జెరాక్సు కాయితం, ఎప్పుడో ఇక్కణ్ణుంచి మారిషస్‌కి కూలికెళ్లిన వాళ్ల పూర్వీకుడి వివరాలు. ముందు నంబరు, తర్వాత పేరు. అవును, ముందు నంబరే! అప్పలసామి, తండ్రి సన్యాసి, వయసు 22, జిల్లా వైజాగపటం. ఊరి పేరు దగ్గర ఆగిపోయాం. గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసేసుకున్నాడు. "కుట్టపాలం" అని గట్టిగా చదివాను. వంటింట్లోంచి మా అమ్మ, "కొత్తపాలెం కాబోలురా" అంది.

దొరికేసిందనుకున్నాం. మన వైపు కొత్తపాలేలు ఒకటా రెండా? మూడు తిరిగాం. మూడో ఊళ్లో అరుగు మీద కూర్చున్న ముసలమ్మ, "ఎవరి తాలూకా బాబూ?" అంది. అప్పలసామి తాలూకా అన్నాను. "ఏ అప్పలసామి? మా ఊళ్లోనే నలుగురున్నారు" అంది. ఆయన పడీ పడీ నవ్వారు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్తాను. 1834 నవంబరు 2న ఇండియా నుంచి 36 మంది కూలీలతో ఒక ఓడ మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవు చేరింది. తర్వాత కొద్దికాలానికే మన కోరంగి రేవు నుంచీ ఓడలు కదిలాయి. అందుకే అక్కడ తెలుగువాళ్లని కోరంగీలన్నారు. ఐదేళ్ల ఒప్పందం, నెలకి ఐదు రూపాయలు, చెరకు తోటలో పని.

ఇక ఆ సాయంత్రం సంగతి. మా పక్కింటాయన హుషారుగా, "మన దేశం ఎలా ఉందండీ?" అని అడిగారు. మారిషస్ పెద్దాయన బళ్లో నేర్చుకున్న తెలుగు కూడదీసుకుని, "మీ దేశం చాలా బాగుంది" అన్నారు. మీ దేశం! పక్కింటాయన మొహం చిన్నబోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ చివుక్కుమంది.

తర్వాత ఆయనే చెప్పారు. వాళ్లింట్లో ఏటా సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు. "ఇవన్నీ మీరిచ్చినవే. కానీ మా చెరకు తోటల మధ్య పెద్ద పెద్ద రాళ్ల గుట్టలుంటాయి. పొలం చెయ్యడానికి మా తాతలూ, ఇంకెందరో చేతుల్తో ఏరి పోసినవి. నా దేశం అంటే నాకు ముందు అవే గుర్తొస్తాయి" అన్నారు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చి వాళ్ల జెండా ఎగిరిందంటే, ఆ గుట్టల మీదే ఎగిరినట్టు నాకు తోచింది.

విదేశంలో తెలుగు మూలాలున్న వాళ్లెవరికైనా పదవి వస్తే చాలు, మనవాడే అని మనం మిఠాయిలు పంచుకుంటాం. పంచుకోండి, తప్పులేదు. కాకపోతే ఆ రాళ్లలో ఒక్కటైనా మనం మోశామా అని నాకు కాస్త మొహమాటంగా ఉంటుంది.

ఒక్క పని మాత్రం మన చేతిలో ఉంది. మీ పిల్లలు డల్లస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే, ఇవాళే ఒక కాయితం తియ్యండి. మీ తాతగారి ఊరు రాయండి. కొత్తపాలెం అని వదిలెయ్యకండి, ఏ కొత్తపాలెమో రాయండి. మండలం రాయండి, పక్క ఊరి పేరు రాయండి. ఇంటిపేరు మరవకండి. అప్పలసామి కాయితంలో అదే లేదు.

సెలవు.