గుంటూరు ఘాటుకు లాటిన్ పేరు

నమస్కారమండీ. సీజన్లో గుంటూరు మిర్చి యార్డులో కాలు పెడితే చాలు, గొంతు మండి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఆ మంటకు కారణమైన పదార్థం పేరు క్యాప్సైసిన్. మన పిల్లలు దీన్ని బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తారు. ఎక్కడి మాటో మాత్రం ఎవరూ చెప్పరు. అది నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే దాని వెనక మంచి కథ ఉంది.

1876లో ఈ పేరు పెట్టింది ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త జాన్ థ్రెష్. మిరప శాస్త్రీయ నామం క్యాప్సికం కదా, అందులోంచి తీసుకున్నాడు. మరి క్యాప్సికం? లాటిన్‌లో క్యాప్సా అంటే పెట్టె. కొరకడం అనే అర్థమున్న గ్రీకు మాట కాప్టో నుంచి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. నేనైతే పెట్టె వైపే.

ఇదిగో, సన్నం రకం ఎండు మిరపకాయ. చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమంటున్నాయి. నిలువునా చీలుస్తున్నా, చూడండి. లోపలంతా ఖాళీ. తొడిమ కింద గింజలు పట్టుకుని ఉన్న ఈ తెల్లటి పొర ఉందే, ఘాటంతా తయారయ్యేది ఇక్కడే. గింజలకు అంటుకున్న కారం చూసి గింజే కారమనుకుంటాం.

ఈ పెట్టెకు చుట్టాలు చాలామందే. మందు క్యాప్సూల్ అంటే చిన్న పెట్టె. కళ్లజోడు కేసూ అదే, కోర్టు కేసు మాత్రం వేరే మాట. ఫ్రెంచి, ఇటాలియన్ భాషల్లో డబ్బుపెట్టెకు ఉన్న పేరు ఇంగ్లీషులోకొచ్చి డబ్బుకే స్థిరపడింది, అదే క్యాష్. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అమ్మిన రైతు చేతికొచ్చే క్యాష్‌కూ, ఆ టిక్కీల్లోని ఘాటుకూ మూలం ఒకటే!

రైతుబజారులో క్యాప్సికం అనడిగితే బుట్ట మిరప ఇస్తారు. అందులో క్యాప్సైసిన్ దాదాపు ఉండదు. అయినా మన తేజా, సన్నం, ఆ బుట్ట మిరప అన్నీ ఒకే జాతి, క్యాప్సికం యాన్యుమ్. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరు. యాన్యుమ్ అంటే ఏడాది పంట. మంచు పడే దేశాల్లో మిరప చలికి చచ్చిపోతుంది కాబట్టి అక్కడ ఆ పేరు సరిపోయింది. మన పెరట్లో నీళ్లు పోస్తుంటే ఏడాది దాటినా కాస్తూనే ఉంటుంది. మీ ఇంట్లో అలాంటి మొక్క ఉంటే, ఏ రకమో, ఎన్నాళ్లుగా కాస్తోందో కామెంట్లో రాయండి.