పనికుక్కల పెంపకం: క్రాస్ సరే, రెండో తరం మాటేమిటి?

అందరికీ నమస్కారం.

పనికుక్కను ఒకే జాతిలో పెంచాలా, రెండు జాతులను కలిపి క్రాస్ చేయాలా అన్న అంశం ఎత్తగానే సభ రెండు ముక్కలవుతుంది. పెడిగ్రీ కాగితం, అంటే వంశావళి పత్రం, లేకపోతే అది కుక్కే కాదనేవాళ్లు ఒక పక్క, క్రాస్ కుక్కకు జబ్బే రాదనేవాళ్లు ఇంకో పక్క. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. ముందు క్రాస్ గెలిచిన చోటికి వెళ్దాం.

అలాస్కాలో ఏటా జరిగే ఇడిటరోడ్ స్లెడ్ పందెం, అంటే కుక్కలు మంచు బండిని లాగే పందెం, 1973లో మొదలైంది. యాంకరేజ్ నుంచి నోమ్ దాకా మంచులో సుమారు 1,600 కిలోమీటర్లు. అక్కడ ముందుండే జట్లు దాదాపు అన్నీ అలాస్కన్ హస్కీలే. పేరు చూసి అదో జాతి అనుకుంటాం గానీ, కుక్కల జాతులను నమోదు చేసే పెద్ద కెనల్ క్లబ్బులేవీ దాన్ని జాతిగా ఒప్పుకోలేదు. ఒకే జట్టులో ఒకటి నల్లగా ఉంటుంది, పక్కది బూడిదరంగు. ఒకదాని చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి, ఇంకోదానివి వాలిపోయి ఉంటాయి. తోలేవాళ్లకు చెవులతో పనేముంది? అరికాళ్లు గట్టివా కావా, ఒళ్లు హూనమైనా గిన్నె ముందు పెడితే తింటుందా, పట్టీ తగిలించగానే లాగడానికి ఎగబడుతుందా, ఇవే వాళ్లు చూసేవి. తిండి దగ్గర మారాం చేసే కుక్క ఎంత వేగంగా పరిగెత్తినా అంత దూరానికి పనికిరాదు. 2010లో వెలువడిన ఒక జన్యు పరిశోధనలో, తక్కువ దూరం పరిగెత్తే స్లెడ్ కుక్కల్లో పాయింటర్, సలూకీ అనే వేట జాతుల రక్తం కనిపించింది. ఎక్కువ దూరం వెళ్లేవాటిలో మలమ్యూట్, సైబీరియన్ హస్కీ పాలు ఎక్కువ. పందెం మారితే పాళ్లూ మారాయన్నమాట.

ఆటల్లో ఒక్కోసారి నియమమే క్రాస్‌ను పుట్టిస్తుంది. ఫ్లైబాల్ అనే రిలే ఆటలో నాలుగు కుక్కలు ఒకదాని తర్వాత ఒకటి హర్డిల్స్ దూకి, బంతి పట్టుకుని వెనక్కి రావాలి. హర్డిల్ ఎత్తును జట్టులోని పొట్టి కుక్కను కొలిచి నిర్ణయిస్తారు. ఇంకేముంది, పొట్టిగా ఉండి పిడుగులా పరిగెత్తేది ఒక్కటి దొరికితే మిగతా మూడింటికీ పని తేలిక. అందుకే గొర్రెలను కాచే చురుకైన బోర్డర్ కాలీని పొట్టిగా ఉండే జాక్ రసెల్ టెర్రియర్‌తో జత కట్టించడం మొదలైంది.

క్రాస్ పక్షం వాళ్లు అప్పుడే చప్పట్లు కొట్టకండి.

రెండు స్థిరమైన లైన్లను (వంశాలను) కలిపితే మొదటి తరం పిల్లలు చాలావరకు ఒకేలా, చలాకీగా వస్తాయి. ఒక వైపు నుంచి వచ్చిన రిసెసివ్ లోపాన్ని, అంటే రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడే లోపాన్ని, రెండో వైపు నుంచి వచ్చిన మంచి జన్యువు కప్పేస్తుంది. హైబ్రిడ్ విగర్ (క్రాస్ వల్ల వచ్చే బలం) అని మనం గొప్పగా చెప్పుకునేదాంట్లో పెద్ద భాగం ఇదే. ఆ పిల్లల్లోనే ఓ మగదాన్నీ ఆడదాన్నీ మళ్లీ జత కట్టిస్తే పేక కలిపి పంచినట్టే. ఒకే ఈతలో ఒకదానికి కాలీ చురుకు, టెర్రియర్ ఎత్తు వస్తాయి. దాని తోబుట్టువుకు కాలీ ఎత్తు, టెర్రియర్ మొండితనం వస్తాయి. కొనేవాడికి చూపించేది మొదటిదాన్నే, అది వేరే సంగతి.

చూపులేనివాళ్లకు దారి చూపే కుక్కలను తయారుచేసే గైడ్ డాగ్ సంస్థలకు ఇది బాగా తెలుసు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ క్రాస్‌ను చాలా సంస్థలు ఇష్టంగా వాడతాయి. ఆ మొదటి తరం మళ్లీ మళ్లీ కావాలంటే రెండు ప్యూర్ లైన్లనూ పరీక్షలు చేస్తూ నిలబెట్టుకోవాలి. రెండో వైపు లాబ్రడూడుల్ కథ ఉంది. 1989లో ఆస్ట్రేలియా గైడ్ డాగ్ సంస్థలో పనిచేసే వాలీ కాన్‌రన్, అలర్జీ ఉన్న ఇంట్లోకి కుక్క కావాలంటే లాబ్రడార్‌నూ పూడుల్‌నూ కలిపారు. పుట్టిన మూడు పిల్లల్లో అలర్జీ తెప్పించనిది ఒక్కటే. తర్వాత ఆ పేరుతో ఊరూవాడా అమ్మకాలు మొదలయ్యాక, ఎందుకు చేశానా అని ఆయనే బాధపడ్డారు.

జబ్బుల సంగతి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో 27,000కు పైగా కుక్కల రికార్డుల మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. చూసిన జబ్బులు 24. జాతి కుక్కల్లో ఎక్కువగా కనిపించినవి 10, క్రాస్ కుక్కల్లో ఎక్కువగా కనిపించింది 1, అది మోకాలి లిగమెంట్ తెగడం. మిగతా 13లో తేడా లేదు. పనికుక్కను కుదేలు చేసే తుంటి లోపం, హిప్ డిస్ప్లేసియా, ఆ 13లోనే ఉంది. తుంటి లోపం ఉన్న షెపర్డ్‌ను తుంటి లోపం ఉన్న లాబ్రడార్‌తో కలిపితే ఏ విగరూ కాపాడదు. ఎక్స్‌రే తీయించాల్సిందే.

ఇక పెడిగ్రీ పక్షం. బోర్డర్ కాలీని తయారుచేసింది గొర్రెల మంద గానీ అందం చూసే షో రింగ్ కాదు. 1906లో పుట్టిన అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీలో, కాగితం లేని కుక్కను కూడా పని చూసి రిజిస్టర్ చేసే దారి ఉంది. 1995లో అమెరికన్ కెనల్ క్లబ్ ఈ జాతిని గుర్తిస్తానంటే, వద్దు మొర్రో అన్నది దాన్ని పనికి పెంచేవాళ్లే. అందం కొలమానమైతే మంద దగ్గర చూపించే తెలివి పోతుందని వాళ్ల భయం. నెదర్లాండ్స్‌లో 1907 నుంచి ఉన్న పోలీసు కుక్కల సంఘం కేఎన్‌పీవీ పరీక్షకు పెడిగ్రీ అక్కర్లేదు. మాలినోయి అనే బెల్జియం షెపర్డ్ జాతి క్రాస్‌లు అక్కడ దండిగా పాసవుతాయి. అలాగని అవేమీ గాలివాటపు క్రాస్‌లు కావు. బ్రీడర్లను కదిపితే తాతముత్తాతలను గడగడా అప్పజెబుతారు.

బయటి రక్తానికి తలుపులు మూసేసిన రిజిస్ట్రీ ఎక్కడ ఇరుక్కుంటుందో డాల్మేషియన్‌లో కనిపిస్తుంది. ఆ జాతి మొత్తంలో యూరిక్ ఆసిడ్‌ను సరిగ్గా అరిగించే జన్యువే లేకుండా పోయింది. మూత్రంలో రాళ్లు. లేనిదాన్ని లోపల వెతికి లాభం లేదు కదా. 1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక్కసారి పాయింటర్‌తో కలిపి, ఆ తర్వాత ప్రతి తరాన్నీ డాల్మేషియన్‌తోనే జత కట్టిస్తూ, మంచి జన్యువు వచ్చిన పిల్లలను ఏరుకుంటూ వెళ్లారు. చూపులకు ఏ తేడా లేని ఆ కుక్కలను అమెరికన్ కెనల్ క్లబ్ పూర్తిగా ఒప్పుకోవడానికి 2011 దాకా పట్టింది. అన్నేళ్లు ఆపింది సైన్స్ కాదు, కాగితం మీద మమకారం.

క్రాస్ చేయాలనుకునేవాళ్లను నేను ఆపను. ఈతలో ఏడు పుడితే ఏడింటికీ రెండేళ్ల వయసు దాకా లెక్క రాయండి: తుంటి ఎక్స్‌రే, కళ్ల పరీక్ష, చేసిన పని, పనికిరాకుండా ఎవరింట్లో మిగిలిందో అది కూడా. గెలిచిన ఒక్కదాని ఫొటో నాకు పంపకండి, ఆ ఆరింటి సంగతి చెప్పండి.

ఇక ప్రశ్నలు అడగండి. "ఏ క్రాస్ మంచిది సార్" అని అడిగేవాళ్లు, ముందు ఏ పనికో చెప్పి అడగాలి.